కోత పండుగకి సాలడ్ సీసా

మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కోత పండుగకి వట్టి చేతులతో చర్చికి వెళ్ళలేదు నేను. ఒక ఏడు సొరకాయలు, ఒక ఏడు కోడిపెట్ట. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేసి, వచ్చింది సంఘానికి జమ చేసేవారు. మా ఆయన పోయాక కూడా మానలేదు. మిషిగన్‌లో, నోవైలో ఉన్న మా లూసీ దగ్గరికి వచ్చిన ఏడు మాత్రం నాకు పెరడు లేదు, కోళ్ళు లేవు.

"స్టోర్‌లో కేక్ కొందామమ్మా. ఇక్కడ చాలామంది అదే చేస్తారు," అంది లూసీ.

"కొన్నదయితే నువ్వే ఇచ్చుకో. నేనిచ్చేది నా చేత్తో చేసిందై ఉండాలి."

లూసీ ఇంట్లో రోజూ పచ్చి ఆకులు తింటారు. వాటి మీద షాపు సీసాలోంచి తెల్లగా, చిక్కగా డ్రెస్సింగ్ పోసుకుంటారు. అది నాకు సయించలేదు. నిమ్మరసం, నూనె, నూరిన ఆవాలు, వెల్లుల్లి, కాస్త బెల్లం కలిపి నాకు నేనే ఒకటి చేసుకునేదాన్ని. అల్లుడు సుందర్ రాజ్ అడిగి మరీ వేయించుకునేవాడు. లూసీ మాత్రం, "ఆ ఘాటు ఆఫీస్ దాకా వస్తుందమ్మా," అని తన సీసా వదిలేది కాదు.

పండుగకి అదే చేశాను. ఖాళీ అయిన షాపు సీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అందులో నింపాను.

ఇక్కడి తెలుగు చర్చిలో వేలం సంఘపెద్ద ఆమోసుగారు నడిపించారు. కేకులు, గుమ్మడికాయలు, కరుణమ్మ ఊరగాయ చకచకా అమ్ముడుపోయాయి. ఆయన నా సీసా ఎత్తి, లేబుల్ చదివి, "ఇదెవరో సరుకుల సంచీలోంచి పొరపాటున ఇక్కడ పెట్టేశారు," అన్నారు. అందరూ నవ్వారు. దాన్ని తీసుకెళ్ళి పేపర్ ప్లేట్ల పక్కన పెట్టేశారు.

లూసీ నా మొహం చూసింది. లేచి వెళ్ళి, సీసా తెచ్చి మళ్ళీ వేలం బల్ల మీద పెట్టింది.

"అంకుల్, సీసా షాపుది. లోపలిది మా అమ్మ చేసింది."

"మరి లేబుల్ అలాగే ఉందేంటమ్మా?"

"మీ ఇంట్లో కాఫీ డబ్బాలో కాఫీయే ఉంటుందా?"

"కారం ఉంటుంది," అంది ఆయన భార్య జ్ఞానమ్మ వెనక వరసలోంచి.

ఈసారి నవ్వు ఆయన మీదికి మళ్ళింది. ఆమోసుగారు మూత తీసి వాసన చూసి గట్టిగా తుమ్మారు. "సందేహం లేదు, మనదే," అని వేలం పాట మొదలుపెట్టారు. మా అల్లుడు కూడా చెయ్యెత్తితే, ఇంట్లో ఉన్నదానికి నీకు పాటేమిటని చొక్కా లాగి కూర్చోబెట్టాను. అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉండే రత్నరాజు చివరిదాకా నిలబడి పాడుకున్నాడు.

అతను ఇంటిదాకా ఆగలేదు. భోజనాల దగ్గరే పచ్చి ఆకుల మీద పోసుకుని, కళ్ళు తుడుచుకుంటూ తింటున్నాడు. లూసీ ప్లేటు పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, నాక్కొంచెం పొయ్యండి."

"ఏం, ఇంట్లో అమ్మ పెట్టలేదా?"

"పెడతానంది. నేనే వద్దన్నాను."

అతను ఒక చెంచా పోశాడు. లూసీ తిని, మళ్ళీ ప్లేటు చాపింది.