కనకదుర్గ సమ్మతి

సర్పంచి పదవి ఈసారి బీసీ మహిళకని తెలిసిన రోజే కనకదుర్గ తేల్చి చెప్పేసింది, తాను నిలబడతానని. ఉప్పుటేటికి అడ్డంగా గట్టు పోసి రొయ్యల చెరువులు పెంచుకోవాలని చల్లపల్లి ఆసామి వెంకటకృష్ణారావు కాచుకుని కూర్చున్నాడు. పంచాయతీ తీర్మానం ఒక్కటే తక్కువ. ఆ గట్టు పడిందా, సముద్రంలోకి దారి మూసుకుపోయి పల్లెలోని నలభై పడవలూ ఇళ్ల ముందు ఎండాల్సిందే. అందుకే ఆడవాళ్లంతా దుర్గ వెనక నిలబడ్డారు. మగాళ్లు సైతం అడ్డు చెప్పలేదు, అదే గొప్ప.

నామినేషన్ల ఆఖరి రోజు దుర్గ, బేరగాడికి ముందే ఒప్పుకున్న పీతల బుట్టలతో బెజవాడ వెళ్లింది. కాగితాలు ఆమె భర్త ఎల్లారావు పట్టుకెళ్లాడు. 'పోటీకి నా సమ్మతి తెలుపుతున్నాను' అన్నచోట అభ్యర్థి సంతకం చెయ్యాలి. ఎల్లారావు క్షణం కూడా ఆలోచించలేదు. రేషన్ కార్డు దగ్గర్నుంచి ఇళ్ల స్థలం దరఖాస్తు దాకా పద్దెనిమిదేళ్లుగా పెళ్లాం సంతకాలన్నీ ఆయనవే. ఆ పల్లెలో ఏ మొగుడైనా అంతే. బయటే వంకరటింకర అక్షరాలతో ఆమె పేరు చెక్కి, లోపల ఇచ్చేశాడు. చెడ్డవాడు కాడు పాపం. ఆమె వచ్చేదాకా ఆగుదామని తోచలేదు. ఒళ్లు మండేది అక్కడే.

మర్నాడు పరిశీలన. ఉన్నవి రెండే నామినేషన్లు. రెండోది పోలేరమ్మది. కృష్ణారావు చెరువుల మీద మేత చల్లే మనిషి. నిన్ననే అధికారి ఎదుట వేలిముద్ర వేసి వెళ్లింది. బల్ల మీద పక్కనే కూర్చున్న పోలేరమ్మ దుర్గ చెవిలో అడిగింది.

"ఇదంతా దేనికంటమ్మా?"

"నువ్వు సర్పంచికి నిలబడ్డావు పిన్నీ."

"నేనా? అయ్యగారు వెయ్యమంటే వేలేశానంతే!"

ఆమె కాగితాలు సక్రమంగా ఉన్నాయని అధికారి చదివాడు. దుర్గ కాగితాల దగ్గరికి రాగానే కృష్ణారావు లేచాడు. "ఆ సంతకం ఆవిడది కాదండీ. నిన్న ఆవిడ ఊళ్లోనే లేదు."

"ఇది మీ సంతకమేనామ్మా?" అన్నాడు అధికారి.

దుర్గ ఆ కాగితం చూడటం అదే మొదలు. చూడగానే అర్థమైంది. గోడవార ఎల్లారావు తలొంచుకుని నిలబడ్డాడు.

"నాదేనండీ."

"అయితే ఇక్కడ ఇంకోసారి పెట్టండి."

పెళ్లయ్యాక ఆమె చేతికి పెన్నిచ్చి నీ పేరు నువ్వు రాయమన్నవాళ్లు లేరు. పదో తరగతి ప్యాసైన చెయ్యి, పిల్లల చేత హోంవర్కులు రాయించే చెయ్యి. గుండ్రంగా, తీరుగా రాసేసింది. పూర్తయ్యాక గానీ చేసిన పని తెలియలేదు. రెండు సంతకాలూ పక్కపక్కన పెడితే ఒక చేతివి కావని పసివాడైనా చెప్పేస్తాడు.

"నాకు సమ్మతమేనండీ! ఇప్పుడే, మీ ఎదురుగానే చేస్తాను సంతకం."

"గడువు నిన్నటితో అయిపోయిందమ్మా. మీ సమ్మతి నిన్నటికే ఉండాలి."

"ఉందండీ. మూడు నెలల నుంచీ ఉంది."

"కాగితం మీద ఉండాలి కదమ్మా," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. తిరస్కరించినట్టు రాశాడు. ఇక మిగిలింది ఒక్క నామినేషనే, పోటీ లేదు.

బయట పోలేరమ్మ మెడలో దండ పడింది. ఆవిడ బిక్కమొహం వేసుకుని, ఇంటికెళ్లొచ్చా అని కృష్ణారావునే అడుగుతోంది. పల్లె ఆడవాళ్లు ఏడుస్తున్నారు. దుర్గకి ఏడుపు కూడా రాలేదు.

ఎల్లారావు దగ్గరికొచ్చి చాలాసేపు నసిగాడు.

"కాస్త నాలాగా వంకరగా పెట్టకపోయావా?" అన్నాడు.

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.