టార్చి వెనక మూత

జైనూర్ పాల కేంద్రంలో స్టీలు పైపులు అతికే పనికి సాదిక్ ఈసారి ఒక్కడే వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా ఎక్కడికి పోయినా వెంట లక్ష్మీరాజం ఉండేవాడు. సాదిక్ ముఖానికి అద్దం దించుకుని వెల్డింగ్ టార్చి పట్టుకుంటే, ఆర్గాన్ సిలిండరు లక్ష్మీరాజం చూసుకునేవాడు. కరిగిన స్టీలుకు గాలి సోకకుండా ఆ గ్యాసే చుట్టూ కాపలా కాయాలి. సోకిందంటే అతుకు నల్లబడుతుంది, లోపల సూదిమొనంత బొక్కలు పడతాయి. అందుకని లక్ష్మీరాజం పైపు కొసలు టేపుతో మూసి లోపలికి కూడా గ్యాసు నింపేవాడు. గాలి వీచే దిక్కున పరదా కట్టేవాడు.

ఇప్పుడవన్నీ సాదిక్ చేసుకోవాలి. సిలిండరు మర తిప్పి, పైపు అవతలి కొసకు పోయి చూసి, మళ్లీ వచ్చి మోకాళ్ల మీద కూర్చోవాలి. యాభై రెండేళ్ల మోకాళ్లు. రెండో రోజు అద్దం దించుకుని అలవాటుగా "రాజన్నా, ఇడువు" అన్నాడు. గ్యాసు రాలేదు.

కేంద్రం ఊడ్చే కిష్టవ్వ చీపురు ఆపింది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"ఎవలతోని లేదవ్వా," అని లేచి సిలిండరు దగ్గరికి పోయాడు.

లక్ష్మీరాజం వెళ్లిపోయింది మొన్నటి వానాకాలంలో. చెన్నూరు దగ్గర ఒక పనిలో వాళ్లు అతికిన పైపులు నీళ్లు పట్టి చూస్తే నాలుగు చోట్ల కారాయి. కరీంనగర్ నుంచి వాళ్లకు పనులిచ్చే వెల్డింగ్ షాపు యజమాని సంపత్ వచ్చి తప్పెవరిదని అడిగాడు. "నా చేతిల తప్పు లేదు సేటు. గ్యాసు ఇడిసేటాయన చూసుకోవాలె," అన్నాడు సాదిక్. లక్ష్మీరాజం అక్కడే ఉన్నాడు. చేతిలో ఉన్న టేపు చుట్ట సిలిండరు మీద పెట్టి, తువ్వాలతో చేతులు తుడుచుకుని, బస్సెక్కిపోయాడు. సంపత్ అతన్ని మళ్లీ పిలవలేదు.

జైనూర్‌లో మూడో రోజు అతుకులు నల్లగా రావడం మొదలైంది. సాదిక్ కిటికీలు మూశాడు, టార్పాలిన్ కట్టాడు. గ్యాసు పెంచాడు. పెంచినకొద్దీ ఇంకా చెడింది. అరవడానికి పక్కన మనిషి లేడు. మధ్యాహ్నం దాకా గ్యాసు గొట్టం పొడుగునా సబ్బునీళ్లు రాసి చూశాడు, ఎక్కడా బుడగ లేవలేదు. చివరికి టార్చి వెనక మూత విప్పాడు.

మూతలో ఉండే చిన్న రబ్బరు రింగు పగిలి ఉంది. దాని మీద తెల్ల టేపు రెండు చుట్లు, మాసిపోయి. గ్యాసు జోరు పెరిగినకొద్దీ ఆ సందులోంచే బయటి గాలిని లోపలికి గుంజుతోంది. పెట్టెలోంచి కొత్త రింగు తీసి వేసి, తుక్కు ముక్క మీద ఒక అతుకు వేశాడు. లేత బంగారు రంగులో వచ్చింది.

సాదిక్‌కు సంతోషం కలగలేదు. ఆ తెల్ల టేపు చుట్టింది తనే. శ్రీరాంపూర్ పనిలో మూత వదులైందని, చెన్నూరు పోయే ముందురోజు చుట్టి మర్చిపోయాడు. మూత కదిలినప్పుడల్లా ఆ టేపు సందిస్తుంది; చెన్నూరులో నాలుగు అతుకులు కారిందీ దాంతోనే.

లక్ష్మీరాజానికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సంపత్‌కు చేశాడు.

"చెన్నూరుల తప్పు నాది సేటు."

"ఎప్పటి ముచ్చట భాయ్ గది. అయిపోయె గదా."

"అయిపోలే. రాజన్నను వాపస్ పిలుస్త."

"వస్తే రమ్మను. నేనేమన్న వద్దంటినా."

పని ముగించి సాదిక్ కరీంనగర్ మీదుగా సిరిసిల్ల పోయాడు. లక్ష్మీరాజం తన బావమరిది సాంచల షెడ్డులో మరమగ్గాలు చూస్తున్నాడని తెలుసు. ఆ చప్పుడులో పిలిచినా వినబడదు. గుమ్మంలో నిలబడ్డాడు. లక్ష్మీరాజం చూశాడు, చూసి మళ్లీ బట్ట మీదికి వంగాడు. దారం తెగి సాంచ ఆగాకే బయటికి వచ్చాడు.

"ఏం పని పడ్డది భాయ్?"

"చెన్నూరుల తప్పు నీది గాదు రాజన్నా. నా టార్చి మూతల రింగు పలిగింది. గాలి ఆడికెళ్లే గుంజింది."

"నేనిడిసిన గ్యాసు సక్కగనే ఉండె. నాకెరుకే."

"మరి అప్పుడే చెప్పకపోతివి."

"నువ్వు నన్ను అడిగితివా? సీదా సేటుకు చెప్పినవ్."

సాదిక్ నేల చూశాడు. "వాపస్ రా. సేటు రమ్మన్నడు," అన్నాడు.

"రాను."

"కోపం పోలేదా?"

"కోపమేం లేదు. మళ్ల నీ పక్కన కూసుండాల్నంటే మనసొస్తలేదు భాయ్." లక్ష్మీరాజం భుజాల మీది దూది పోగులు దులుపుకున్నాడు. పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. సాదిక్ తాగేదాకా పక్కనే నిలబడి, ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి పోయాడు.

బస్టాండులో కూర్చుని ఉండగా సంపత్ ఫోన్ చేశాడు. సోమవారం పని ఉందట. "రాజం వస్తుండా? లేకుంటే ఇంకెవలనన్న చూడాల్నా?"

"రాడు సేటు. ఇంకొకలు ఇప్పుడే వద్దు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కరీంనగర్ బస్సులు రెండు వచ్చి పోయాయి. మూడోది వచ్చాక లేచాడు.