నాలుగో కెమెరా

కరుణాకరం రోజూ ముందు కంప్యూటర్ ఆన్ చేసి, అది లేచేలోపు చెప్పులు విప్పుతాడు. ఆ శుక్రవారమూ అంతే. తెర మీద మూడు కెమెరాలు వరసగా కనబడ్డాయి. కంది మొక్కలు ఎండకు ఎంత వాడుతున్నాయో ఆకుల ఫొటోలు తీసి కొలిచే కెమెరాలవి. పెద్దారవీడు రోడ్డులో ఉన్న ఆ చిన్న పరిశోధనా కేంద్రంలో వైర్లు లాగడం, కెమెరాలు కలపడం పన్నెండేళ్లుగా అతని పని. పొట్టిమనిషి, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా బయటికి రాడు. "తెలియదు" అన్న మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. అదే అతని గొప్ప, అదే అతని జబ్బు.

నాలుగో కెమెరాను వేసవిలో బోరు దగ్గరి నెట్‌హౌస్‌కి, మొక్కలు పెంచే వలపందిరికి, మార్చారు. ఆ మర్నాడే అది తెర మీది జాబితాలోంచి మాయమైంది. పదిసార్లు 'వెతుకు' నొక్కినా రాలేదు. సైంటిస్టు ప్రియదర్శిని మేడమ్ వెనకే నిలబడి, "ఏమైంది కరుణాకరం గారూ?" అని అడిగింది. ఏమైందో అతనికి తెలియలేదు. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"దస్తగిరి గోనెపట్టాలు తడిపేటప్పుడు నీళ్లు కొట్టినాడు మేడమ్. లోపలికి పోయినాయి" అన్నాడు.

నెట్‌హౌస్ చల్లగా ఉండడానికి రోజూ పట్టాలు తడిపేవాడు దస్తగిరి. పిలిచి అడిగితే తల వంచుకుని, "పడినాయేమో మేడమ్, నేను చూసుకోలేదు" అన్నాడు. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. కెమెరా మీద పచ్చలైటు అప్పుడు కూడా వెలుగుతూనే ఉంది. కరుణాకరం దాన్ని చూశాడు, చూసి ఊరుకున్నాడు.

నాలుగు నెలలైంది. ఆ శుక్రవారం బోరు దగ్గరి నెట్‌వర్క్ పెట్టెలో ఎలుక కొరికిన వైరు మార్చి, అన్నీ వచ్చాయో లేదో చూద్దామని దాని సెట్టింగులు తెరిచాడు. అక్కడ నాలుగో కెమెరా పేరు, పక్కనే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు సంఖ్యలు. ఆఫీసు అడ్రసుల్లో మూడో సంఖ్య పది, దీనిది ఇరవై. ఇంకేముంది, అర్థమైపోయింది. 'వెతుకు' నొక్కితే సాఫ్ట్‌వేర్ తన వీధిలోనే కేకేస్తుంది, పక్క వీధికి ఆ కేక వినబడదు. ఇంటి నంబరు తెలుసుకుని మనమే పోయి తలుపు తట్టాలి.

ఆఫీసుకు వచ్చి అడ్రసు చేత్తో టైపు చేశాడు. నిమిషం పట్టలేదు. తెర మీద కంది ఆకులు, వాటి వెనక దస్తగిరి కట్టిన తాడుకు ఎండి వేలాడుతున్న గోనెపట్టాలు కనబడ్డాయి. కరుణాకరానికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏ దేవుడైనా ఇప్పుడే తనను ఈ కుర్చీలోంచి లేపేస్తే బాగుండుననిపించింది.

"వచ్చిందే. ఎలా వచ్చింది?" అంది మేడమ్, తన గదిలోంచి వస్తూ.

"వైరు మార్చినాను మేడమ్."

"నీళ్లు పోయాయన్నారుగా?"

"ఎండకు ఆరిపోయినట్టుంది."

ఆమె నమ్మింది. ఆమె ఎప్పుడూ నమ్ముతుంది.

ముందు దస్తగిరికి నిజం చెప్పి, తర్వాత మేడమ్‌కి చెప్పి, అతన్ని మళ్లీ పనిలో పెట్టించాలనుకున్నాడు. పదకొండింటికి పోదామనుకున్నాడు. అన్నం తిన్నాక అనుకున్నాడు, టీ తాగాక అనుకున్నాడు. చివరికి మార్కాపురంలో దస్తగిరి ఇంటి ముందు బండి ఆపేసరికి అయిదున్నరైంది.

దస్తగిరి భార్య హలీమాబీ గడప దగ్గర బియ్యం ఏరుతోంది.

"ఆయన లేడన్నా. జుమ్మా నమాజు చేసుకొని రెండు గంటల బస్సుకు కనిగిరి పోయినాడు. ఆడ లాడ్జిలో వాచ్‌మెన్ పని దొరికింది. ఈడ ఎవురూ పెట్టుకోలేదు, కెమెరా పాడుచేసినోడని."

ఆమె లోపలికి పోయి ఒక చిన్న తెల్లగుడ్డ మూట తెచ్చింది. అందులో నల్లటి ప్లాస్టిక్ మూత. కెమెరా అద్దానికి పెట్టేది.

"ఆయన జేబులో ఉండిపోయిందంట. ఆఫీసు సామాను, ఎవురన్నా వస్తే ఇచ్చెయ్యమన్నాడు. పట్టాలు తడిపే ముందు రోజూ దీన్ని పెట్టేవాడంట గదా. ఆ పొద్దు పెట్టినానా లేదా అని ఇప్పటికీ నన్నే అడుగుతా ఉంటాడు. నాకేం తెలుస్తాదన్నా? ఇంతకీ బాగైందా అది?"

"బాగైందమ్మా."

"ఎట్ల?"

నిజం నోటిదాకా వచ్చింది. ఆమె మళ్లీ బియ్యం చేట ముందు కూర్చుని, తలెత్తి చూస్తోంది.

"కంపెనీకి పంపి రిపేరు చేయించినాం" అన్నాడు.

"పోనీలే. ఫోన్ చేసినప్పుడు చెప్తా, మనసు నిమ్మళపడతాది. నంబరు ఇయ్యనా, నువ్వే చెప్తావా?"

"ఉంది నాకాడ" అన్నాడు కరుణాకరం.

మర్నాడు పొద్దున అతను చెప్పులు విప్పేలోపే తెర మీద నాలుగు కెమెరాలూ వచ్చాయి. ఫోన్‌లో దస్తగిరి నంబరు తీసి చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ బోర్లించి, గుడ్డ విప్పి మూతను కీబోర్డు పక్కన పెట్టాడు. దాని లోపల దస్తగిరి పెన్నుతో '4' అని వేసుకున్నాడు, ఆ అంకె ఎక్కడా చెమ్మకు చెదరలేదు.