నక్కకు కన్ను పెట్టినవాడు

గుండ్లమడుగులో పన్నెండు గంటలకు చర్చి గంట మోగితే దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు తక్కువ, కోళ్ళను తలుచుకునేవాళ్ళు ఎక్కువ. ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చి కోళ్ళ మీద గంపలు బోర్లిస్తారు. ఒంటిగంటకు మళ్ళీ ఎత్తుతారు. ఆ గంటసేపు నక్క తిరిగే వేళ. మరిచిపోయిన ఇంట్లో ఒక కోడి తగ్గుతుంది, అంతే. దానికోసం ఎవరూ పోలీసు స్టేషనుకూ పోలేదు, మంత్రగాణ్ణీ పిలవలేదు.

ఆ నక్క చర్చిలోని పాత బెంచీ మీది నక్క. నూరేళ్ళ కిందట ఒక తెల్ల ఫాదరు తన ఊరి గుడిలోని బెంచీని ఓడలో మద్రాసుకు, అక్కణ్ణుంచి ఎద్దులబండి మీద ఇక్కడికి తెప్పించుకున్నాడు. దాని వీపుపలక మీద పాదిరి అంగీ తొడుక్కున్న నక్క ఒకటి గద్దె ఎక్కి ప్రసంగం చేస్తుంటుంది. కింద ఏడు బాతులు మెడలు చాచి వింటుంటాయి. రోజూ మధ్యాహ్నం నక్క పలక దిగి, ఊరు ఒక చుట్టు తిరిగి, మూతి తుడుచుకుని వచ్చి మళ్ళీ కొయ్య అయిపోతుంది. గుండ్లమడుగులో నక్క అంటే అదే. కొండలో నిజంగా తిరిగే నక్కల్ని అక్కడివాళ్ళు 'కొండవి' అంటారు.

ఆ బెంచీకి చెదలు పట్టిందని ఫాదర్ గాబ్రియేలు బద్వేలు నుంచి ఓబుళేశు అనే వడ్రంగిని పిలిపించాడు. ఓబుళేశు భార్య శ్రీదేవి కాన్పుకు పుట్టింటికి పోయింది. బడికి వేసవి సెలవులు. అందుకని ఎనిమిదేళ్ళ కూతురు హర్షిణిని కూడా వెంటబెట్టుకుని వచ్చి చర్చి వెనక గదిలో దిగాడు. హర్షిణి నోరు మూతపడని పిల్ల. మొదటి రోజుకే ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కూర వండారో నాయనకు చెప్పేసింది.

చెదలు ఏడో బాతును మొత్తంగా తినేశాయి. నక్క కళ్ళను ఎప్పుడో తినేసినట్టున్నాయి, ఇన్నాళ్ళూ అది వాసన పట్టుకునే తిరుగుతోంది. ఓబుళేశు ముందు నక్క కళ్ళ పని పట్టుకున్నాడు.

వాళ్ళ నాయన తిమ్మయ్య జాతరలకు అమ్మవారి కొయ్యబొమ్మలు చెక్కినవాడు. బొమ్మకు కన్ను ఆఖరున తెరవాలి. చెక్కేవాడు పక్కన నిలబడాలి, ఎదురుగా కోడినో గుమ్మడికాయనో పెట్టాలి. మొదటి చూపు దేనిమీద పడితే అది ఆ తల్లి సొంతం. ఇదంతా ఓబుళేశుకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. కానీ ఇది అమ్మవారా ఏమన్నానా, పరాయిదేశపు నక్క బొమ్మ, దీనికి కోడెందుకు అనుకున్నాడు. పక్కన నిలబడడం మాత్రం ఎప్పటి అలవాటు కాబట్టి నిలబడ్డాడు. ఎదురుగా ఏదీ పెట్టలేదు, అక్కడే పప్పులో కాలేశాడు.

రెండో కంటికి చివరి దెబ్బ వేసి పొట్టు ఊదుతుండగా, "నాయనా, సంగటి తెచ్చినా" అంటూ హర్షిణి వచ్చి బెంచీ ఎదురుగా నిలబడింది.

నక్క ఆ పిల్లను చూసింది. ఓబుళేశు పిల్లను చెయ్యి పట్టి పక్కకు లాగాడు, అప్పటికే చూపు పడిపోయింది.

మర్నాడు పన్నెండుకు ఊరంతా గంపలు బోర్లించింది. నక్క ఒక్క గంప దగ్గరా ఆగలేదు. నేరుగా వచ్చి ఓబుళేశు గది గడప ముందు అంగీ సర్దుకుని కూర్చుంది.

"భయపడాకు అమ్మణ్ణీ" అంది. గొంతు తేనె పూసినట్టుంది. "నేను ముసిలిదాన్నయిపోతి. తిన్న కోళ్ళ పాపం కడుక్కుందామని ఒంటిమిట్టకు నడిచి పోవాలనుకుంటాండా. తోడు లేదు. నా మాటలు రోంతసేపు వింటే చాలు."

హర్షిణి మెడ చాచి వింది. ఓబుళేశు కట్టె తీసుకుని మీదికి ఉరికితే కట్టె గాలిని కొట్టింది. నక్క ఇంకో పక్కన కూర్చుని మాటలు సాగించింది. ఒంటిగంటకు లేచి పోయింది. అయితే బెంచీకి పోలేదు. గద్దె మీద నక్క ఆకారంలో ఖాళీ మిగిలింది.

ఆ సాయంత్రం బెంచీ దగ్గరికి పోయిన ఓబుళేశుకు ఏడో బాతు చోట, తాను అతికించి ఇంకా ఉలి తగిలించని కొత్త కొయ్యలో, ఒక జడ కనిపించింది. చివర రిబ్బను ముడితో సహా.

రెండో రోజు భుజం తేలింది. మూడో రోజు చెవి, చెవికి బుట్టకమ్మ. ఇక్కడ హర్షిణి మాటలు తగ్గాయి. ఆకలి అనడం మానేసింది. కూర్చున్నచోట మెడ నిలబెట్టుకుని కూర్చునేది. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలి, అప్పుడే కోసిన కొయ్య వాసన వచ్చేది. మగవాడు ఏడవకూడదని ఎవరన్నారో గానీ, వాడికి ఆడపిల్ల లేదేమో. ఓబుళేశు ఏడ్చాడు.

ఫాదర్ గాబ్రియేలు వచ్చి బెంచీని, పిల్లను చూశాడు.

"ఈ బెంచీ వచ్చిన దేశంలో పాతకాలాన నక్కకు వేరే మాట ఉన్నింది ఓబుళేశూ" అన్నాడు. "కథల్లో ఒక జిత్తులమారి నక్కకు మనిషి పేరు పెట్టినారు. ఉరితాడు మెడకు పడినా, యాత్ర పోతానని రాజుకు మొక్కి తప్పించుకునేదంట. జనాలు దాని ముచ్చట ఎంత చెప్పుకున్నారంటే, దాని పేరే నక్కలన్నిటికీ పేరైపాయ. పాతమాట చచ్చిపాయ."

"మాటనే మింగిందానికి నా బిడ్డెంత ఫాదరూ" అన్నాడు ఓబుళేశు. "బెంచీ తగలబెడదామా?"

"అందులో ఉండేది నీ బిడ్డప్పా. ఏం తగలబెడతావు?"

మర్నాడు పొద్దున్నే పిల్లను ఎత్తుకుని బద్వేలు బస్సెక్కాడు. పన్నెండుకు సొంత ఇంటి తాళం తీస్తుంటే, అరుగు మీద నక్క అంగీ దుమ్ము దులుపుకుంటూ, "ఎండకు శానా దూరం నడిపిస్తివి కదప్పా" అంది. తిరిగి గుండ్లమడుగుకే వచ్చారు.

తొమ్మిదో రోజుకు కొయ్యలో ముఖం మొత్తం తేలింది, పెదవులు తప్ప. ఇక మిగిలింది రెండు రోజులో, ఒకటో. ఓబుళేశుకు తిమ్మయ్య మాట గుర్తొచ్చింది. చూపు తప్పు చోట పడితే, కన్ను తీసేసినంత మాత్రాన పోదు, చూపు లోపలే ఉండిపోతుంది. మళ్ళీ కన్ను పెట్టి ఇంకొకటి చూపించాలి. అయితే నక్క బెంచీ ఎక్కితే కదా. దాన్ని ఎక్కించాలంటే దాని విద్యే దానిమీద వాడాలి.

ఆ మధ్యాహ్నం గడప దగ్గర, ఓబుళేశు నవ్వు ముఖం పెట్టి అన్నాడు. "సామీ, తప్పు నాది. నీ ఎడమ కన్ను రోంత చిన్నదైపాయ. కొండవి కూడా నవ్వుతాండాయంట. ఒంటిమిట్టలో వేలమంది చూస్తారు, ఇట్లే పోతావా?"

నక్క మాట ఆపింది. పంజాతో ఎడమ కన్ను తడుముకుంది. "సరిజేస్తావా?"

"గడియలో పని."

"మంచిది. రేపు బెంచీ ఎక్కుతా. కన్ను మాత్రం సరిగ్గా పన్నెండు గంటలకే తెరువు. నాకు అచ్చొచ్చిన వేళ."

ఒప్పుకున్నందుకే పొంగిపోయి ఓబుళేశు ఆ వేళ ఏమిటని ఆలోచించలేదు.

మర్నాడు నక్క మాట తప్పలేదు. గద్దె ఎక్కి కొయ్య అయింది. హర్షిణిని గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసి వచ్చాడు ఓబుళేశు. కొనుక్కొచ్చిన ఎర్ర పుంజును బెంచీ ఎదురుగా స్తంభానికి కట్టాడు. తాను పక్కన నిలబడి పాత కళ్ళు రెండూ తీసేశాడు. కొత్తవి గీశాడు. కుడి కన్ను పూర్తయింది. ఎడమ కంటికి ఒక్క దెబ్బ మిగిలింది, అది పడితే గానీ చూపు రాదు. ఉలి ఆనించి, ఆఖరి గంట దెబ్బ కోసం చెవులు రిక్కించి నిలుచున్నాడు.

గంట మోగింది. మోగించినవాడు ఏసేపు, డెబ్బై ఏళ్ళ ముసలాయన. పుట్టింది మొదలు పన్నెండుకు కోడి కనబడితే గంప వెయ్యడమే ఎరిగినవాడు. తాడు వదిలి, గంట ఇంకా ఊగుతుండగానే లోపలికి తిరిగాడు. పుంజు కనిపించింది.

"ఎవురిదప్పా ఇది, ఈ వేళకు బయట కట్టినారు" అని గొణుక్కుంటూ, తాడు విప్పి, చంకన పెట్టుకుని, గంప వెతుక్కుంటూ బయటికి నడిచాడు.

"ఏసేపన్నా! ఉండు! ఆ పుంజు..." ఓబుళేశు అరిచాడు. ముసలాయనకు రెండు చెవులూ వినబడవు. గంటలు కొట్టీ కొట్టీ ఎప్పుడో పోయాయి.

అప్పుడు అర్థమైంది ఓబుళేశుకు, నక్క పన్నెండే ఎందుకు అడిగిందో. సగం తెరిచిన కన్ను తెల్లగా మెరుస్తోంది. చివరి గంట దెబ్బ ఇంకా గాల్లో ఉంది. ఈ వేళ దాటితే నక్క ఆ సగం కంటితోనే దిగుతుంది, లోపలున్న పాత చూపుతోనే గదివైపు నడుస్తుంది. పుంజును తెచ్చే సమయం లేదు. చర్చిలో ప్రాణమున్నది తనొక్కడే.

భయం వేసింది. కడుపుతో ఉన్న శ్రీదేవి గుర్తొచ్చింది, ఇంకా ముఖం చూడని బిడ్డ గుర్తొచ్చింది. పక్కనుంచి జరిగి బెంచీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నన్నే చూడు" అని ఉలి మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఎడమ కన్ను తెరుచుకుంది. నక్క ఓబుళేశును చాలాసేపు చూసింది. కోపంగా కాదు, బేరం కుదిరినవాడిలా చూసింది. కింద కొయ్యలో ముఖం, జడ, రిబ్బను నీళ్ళలో ఉప్పులా కరిగి చదునైపోయాయి.

గది తలుపు దబదబా మోగుతోంది. గొళ్ళెం తీసేసరికి హర్షిణి, "నాయనా, ఆకలైతాంది, ఎందుకు గొళ్ళెం పెడితివి, ఈ ఊళ్ళో కుక్క ఈనిందంట, నాలుగు పిల్లలంట, చూసొద్దామా?" అంటూ ఆగకుండా మొదలుపెట్టింది. ఓబుళేశు ఆ మాటలు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నవ్వాడు, ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు.

గిన్నె దగ్గరికి లాక్కుని సంగటి ముద్ద చెయ్యబోయాడు. కుడిచేతి వేళ్ళు మడవలేదు. చల్లగా, నున్నగా ఉన్నాయి. గోళ్ళ దగ్గర సన్నటి కొయ్య చారలు. ఆ చెయ్యి కండువా కింద దాచి, ఎడమ చేత్తో ముద్ద చేసి పిల్ల నోటికి అందించాడు.

"ఎడమచేత్తో పెడతాండావేంది నాయనా?" అంది హర్షిణి.

"ఈ పొద్దుకు తిను తల్లీ" అన్నాడు ఓబుళేశు, ఇంకో ముద్ద చేస్తూ.