వదినగారి భుజం

బల్ల మీద బోర్లా పడుకున్న కూలీ మనిషి మెడ కింద బొటనవేళ్ళు ఆనించి, వెచ్చనక్క మెల్లగా వీపు మీదికి దిగుతోంది. ఇటుకల గంప మోసి మోసి ఆ మెడ భుజాల్లోకి కూరుకుపోయింది. ఎముక ఎక్కడ అయిపోతుందో, కండ ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియనంత బిగువు.

"ఊపిరి బిగబట్టకు. నేనేం ఎత్తుకుపోనులే."

"అలవాటక్కా. గంప ఎత్తేటప్పుడు బిగబడతాం కదా."

"ఇప్పుడు గంప లేదుగా."

"ఉన్నట్టే ఉంటుందక్కా."

వెచ్చనక్క నవ్వి, ఇంకాస్త నూనె తీసుకుంది. అది లాండ్రీ దుకాణం వెనక గది. గోడకు అవతల పొద్దస్తమానం ఇస్త్రీ జరుగుతుంది కాబట్టి ఇవతల గోడ ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటుంది. గదిలో ఒక బల్ల, ఒక తెర, చిన్న స్టవ్వు మీద నువ్వులనూనె గిన్నె. తెరకు అవతల, గుమ్మం పక్కన, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చిపోతారు. లేనివాళ్ళు ఏ ఆకుకూర కట్టో తెచ్చి గడప దగ్గర పెడతారు. అదీ లేనివాళ్ళు "ప్రాణం లేచొచ్చిందక్కా" అని చెప్పిపోతారు. మూడూ ఆమెకు కిట్టుబాటే.

బెంచీ మీదనుంచి దగ్గు వినిపించింది. పదవీ విరమణ చేసిన జడ్జిగారు. తుంటి నొప్పి ఆవిడకి.

"ఏమ్మా, ఇంకా ఎంతసేపు?"

"మీ కోర్టులో వాయిదాలుండేవి, మా దగ్గర వరసే ఉంటుందండీ. కూర్చోండి, వచ్చేస్తున్నా."

జడ్జిగారు పకపకా నవ్వారు. బల్ల మీద మనిషి మాత్రం బిర్రబిగుసుకుపోయింది.

"ఆవిడ జడ్జిగారా? నేనిట్లా పడుకుని ఉంటే ఆవిడ బయట కూర్చుంటుందా? నేను లేస్తానక్కా."

"పడుకో. కాసేపట్లో ఆవిడా నీలాగే బోర్లా పడుకుంటుంది. గుడ్డ తీస్తే ఎవరి వీపైనా వీపే."

ఆ మాటకు కూలీ మనిషి నోరు మూసుకుని నవ్వింది. ఆ నవ్వుకే భుజాలు కొంచెం కిందికి దిగాయి. అంతసేపూ వేళ్ళు చేయలేని పని అది.

తరవాత జడ్జిగారు బల్లెక్కారు. వెచ్చనక్క దుప్పటి మార్చి, ఆవిడ కాలి కింద తలగడ సర్ది, అదే నూనె, అవే చేతులతో మొదలుపెట్టింది.

"అందరికీ నువ్వు ఒళ్ళు పడతావు. నీకెవరు పడతారమ్మా?" అన్నారు జడ్జిగారు, ముఖం తలగడలో ఉండగానే.

"గోడ ఉందిగా అండీ. మధ్యాహ్నం దానికి వీపు ఆనించి కూర్చుంటే చాలు, లాండ్రీవాళ్ళ పుణ్యం."

అబద్ధం కాదు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక ఆమె అలాగే కూర్చుంది. బయటికి వంగిపోయిన తన బొటనవేళ్ళను చూసుకుంది. వయసులో ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఆయాగా చేరితే, మంచం పట్టినవాళ్ళకు వీపులు పుళ్ళు పడకుండా రుద్దడం నేర్పారు. ఆ తరవాత పక్షవాతంతో పడిపోయిన మొగుడి చేతికి, అతను పోయేదాకా, రోజూ అదే పని. అతను పోయాక, తనకు వచ్చిన పని అదొక్కటే కాబట్టి ఈ గది అద్దెకు తీసుకుంది. పెద్ద కష్టాల కథగా ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న మూలుగుతూ వచ్చినవాళ్ళు ఈలవేసుకుంటూ పోతుంటే, ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందా అనిపించేది.

ఒక్క మనిషి వీపు మాత్రం ఆమె చేతికి తెలియదు. అది వదినగారిది.

వదినగారంటే మొగుడి అక్క. పెళ్ళి చేసుకోకుండా కుట్టుమిషన్ మీద బతుకు వెళ్ళదీసిన మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ ముసలివాళ్ళయ్యారు. గది తెరిచిన మొదటిరోజు సాయంత్రం వెచ్చనక్క మంచినీళ్ళ గ్లాసు అందించబోతే, వదినగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఎవరెవరి ఒళ్ళో పిసికిన చేతులు. అక్కడ స్టూలు మీద పెట్టు." అప్పటినుంచి గ్లాసు స్టూలు మీదే. అలాగని ఆప్యాయత లేదా అంటే ఉంది. వెచ్చనక్క ఇంటికి వచ్చేసరికి వేణ్ణీళ్ళు కాచి ఉంచుతారు. వీధిలో ఎవరైనా ఆ పనిని ఎగతాళి చేస్తే, "మా మరదలి జోలికి రాకండి" అని కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. ముట్టుకోవడం ఒక్కటే లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వేణ్ణీళ్ళు లేవు. వదినగారు మిషన్ ముందు స్టూలు మీదే కూర్చుని ఉన్నారు.

"లేవలేకపోతున్నానే," అన్నారు, తప్పు చేసినట్టు. "మధ్యాహ్నం నుంచీ ఇంతే."

"డాక్టర్ని పిలుస్తాను."

"పక్కింటమ్మాయి తీసుకొచ్చింది. చూశాడు. వయసు అన్నాడు. దానికి మందు లేదట." వెచ్చనక్క చేతులవైపు చూశారు. "నీ చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను."

"అయితే కాస్త ఈ భుజం చూడు. ఇంతమంది నీ దగ్గరికి ఎందుకు పరిగెత్తుకొస్తారో నేనూ చూస్తాను."

వెచ్చనక్క వదినగారిని నడుం పట్టి లేపి మంచం మీదికి చేర్చింది. నూనె వెచ్చబెట్టింది. బోర్లా పడుకునేముందు కళ్ళజోడు అడ్డమొస్తే వెచ్చనక్కే నూనె వేళ్ళతో తీసి మిషన్ మీద పెట్టింది. జాకెట్టు హుక్కులు విప్పుతుంటే వదినగారు సిగ్గుతో కళ్ళు మూసుకున్నారు.

వీపు పిల్లల వీపులా సన్నగా ఉంది. కుడి రెక్క ఎముక కింద వేలు పెట్టగానే తగిలింది, చింతపిక్కంత గట్టిగా.

"అబ్బ," అన్నారు వదినగారు.

"రాయిలా ఉంది వదినగారూ. ఎన్నాళ్ళుగా మోస్తున్నారు దీన్ని?"

"మీ ఆయన చదువుకునే రోజులనుంచి. వాడి ఫీజులకి పెళ్ళిళ్ళ సీజనంతా కుట్టేదాన్ని."

వెచ్చనక్క బొటనవేలు అక్కడే ఉంచి, నొక్కకుండా, ఊరికే వేడి తగిలేలా పెట్టింది. ఇలాంటివి తొందరపెడితే బిగుస్తాయి. చాలాసేపటికి పిక్క కరగడం మొదలైంది.

"అప్పుడన్నాను చూడు, ఆ మాట..." అన్నారు వదినగారు తలగడలోకి.

"ఏ మాట?"

"నీకు గుర్తుంది."

"స్టూలు మీద పెడితే నీళ్ళు చల్లబడతాయని మాత్రం గుర్తుంది."

వదినగారి వీపు నవ్వుతో కదిలింది. "పెంకిదానివి. ఎడమ భుజం కూడా చూడు. ఎటూ అంటుకున్నావుగా."

ఎడమ భుజం, నడుం, పిక్కలు, చివరికి పాదాలు. పాదాల దగ్గరికి వచ్చేసరికి వదినగారు గురక పెడుతున్నారు. వెచ్చనక్క దుప్పటి కప్పింది. కింద చాప వేసుకుని, ఒక చెయ్యి మంచం పట్టె మీద ఉంచి పడుకుంది.

తెల్లవారి టీ పెట్టి, గ్లాసు తెచ్చి, లేపడానికి పాదం మీద చెయ్యి వేసింది. వేయగానే తెలిసింది. వేళ్ళు తీయలేదు. భుజం తడిమి చూసింది. రెక్క కింద ఎక్కడా బిగువు లేదు. ముఖంలో నొప్పి ఆనవాలే లేదు. మంచం మీద కూర్చుని ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు వచ్చింది కానీ అది గుండెలు బాదుకునే ఏడుపు కాదు. పక్కింటివాళ్ళను పిలవడానికి ముందు ఇంకాసేపు ఉండనిమ్మన్నట్టు, మెల్లగా, అలవాటైన పద్ధతిలో, మడమల నుంచి వేళ్ళదాకా నిమురుతూ కూర్చుంది.

కిటికీలోంచి ఎండ మిషన్ మీద పడింది. అక్కడ మడవని కళ్ళజోడు, కుడి అద్దం మీద నూనెతో పడిన బొటనవేలి ముద్ర, చారలు చారలుగా, మెరుస్తూ.