ఫోనులో వైపర్ల చప్పుడు

దుర్గేష్ న్యాయశాస్త్రం చదవలేదు. అయినా ఆక్లండ్‌లో తెలుగువాళ్ళెవరికి పోలీసుల తలనొప్పి వచ్చినా ఆదివారం పొద్దున్న పదింటికి తెలుగు సంఘం ఫోను అతని చేతిలోనే మోగుతుంది. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. సలహాలివ్వడమంటే మనవాడికి మహా సరదా. ఊరి శివార్లలో టకానినిలో కొత్తిల్లు, ఈ నెలాఖరుకి సిటిజన్‌షిప్ ప్రమాణం, దానికోసం ముందే ఇస్త్రీ చేయించిన సూటు. ఇంకేం కావాలి?

ఆ ఆదివారం గరగరలాడే లైనులో ఒక మగ గొంతు. "అన్నా, అరెస్ట్ చేస్తే పోలీసులకి అన్నీ చెప్పాలా?"

"పేరు, అడ్రస్ లాంటివి చెప్పు. మిగతాది లాయర్‌తో మాట్లాడేదాకా చెప్పక్కర్లేదు," అన్నాడు దుర్గేష్ కాఫీ తాగుతూ.

అవతల కారు వైపర్లు కొట్టుకుంటున్న చప్పుడు. ఇక్కడేమో ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఏ క్రైస్ట్‌చర్చ్ నుంచో చేస్తున్నాడు, అక్కడ వాన కాబోలు అనుకున్నాడు. కాని ఫోను పెట్టేశాక చూస్తే లిస్టులో అసలా కాలే లేదు.

రెండో ఆదివారం మళ్ళీ అదే గొంతు, అవే వైపర్లు.

"కోర్టులో తప్పు ఒప్పుకుంటే వీసా ఉంటుందా అన్నా?"

"గ్యారంటీ లేదు. లాయర్ని అడక్కుండా ఒప్పుకోకు."

"ఒప్పేసుకున్నా. ఫైన్‌తో పోతుందన్నారు."

"ఎవడా చెప్పిన వెధవ?"

 అనేశాక గాని ఆ గొంతు ఎవరిదో దుర్గేష్‌కి గుర్తు రాలేదు. ఆ మాట చెప్పిన వెధవ తనే.

ఏడేళ్ళ క్రితం డునెడిన్‌లో, జోరువానలో, అతను నడుపుతున్న కారు సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన్ని గుద్దింది. ఆయన కాలు విరిగింది. పక్క సీట్లో ఫ్లాట్‌మేట్ అభినయ్. శాశ్వత నివాసం కోసం ఎవరి ఫైలు ఇమిగ్రేషన్‌లో ఉంటే వాళ్ళని మిగతావాళ్ళు కాచుకోవాలని ఆ ఫ్లాట్‌లో ఒక కట్టుబాటు. "నా పీఆర్ ఫైలు లోపలుందిరా. నువ్వీ సీట్లోకి రా. ఫైన్‌తో పోతుంది," అన్నాడు దుర్గేష్. అభినయ్ సీటు మారాడు, అరెస్టయ్యాడు, నేరం ఒప్పుకున్నాడు. వీసా పొడిగించలేదు. ఒంగోలు వెళ్ళిపోయి, నిరుడు జ్వరంతో చనిపోయాడు. ఆ కబురు వాట్సాప్‌లో వస్తే దుర్గేష్ దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. సిగ్గుమాలిన పని, ఇంకేమనాలి!

మూడో ఆదివారం ఫోను మోగితే ముట్టుకోలేదు. భార్య నిరుపమ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవరూ మాట్లాడట్లేదండీ. వాన చప్పుడొకటే వస్తోంది," అంటూ అతనికిచ్చింది.

ఫోను తడిగా ఉంది.

"ఇదే ఆఖరు ప్రశ్న అన్నా. నేను చేయనిది నా రికార్డులో ఉండిపోయింది. మా అమ్మ కూడా ఆ పెద్దాయన్ని నేనే గుద్దాననుకుంటోంది. అదెలా పోతుంది?"

కాగితంలో దీనికి జవాబు లేదు. 

"నడిపినవాడు వెళ్ళి చెప్పాలిరా," అన్నాడు చివరికి.

వైపర్లు ఆగిపోయాయి.

నిరుపమకి అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, "మరి ప్రమాణం?" అంది.  సోమవారం ఆఫీసు మానేసి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. చెప్పాలన్న నిర్బంధం లేదనీ, ముందు లాయర్‌తో మాట్లాడొచ్చనీ ఆఫీసరమ్మ చెబుతుంటే, తను వందమందికి అప్పజెప్పిన పాఠం తనకే వినిపించింది. లాయర్‌తో మాట్లాడాడు. ఆయన వద్దన్నాడు. అయినా ఉన్నదున్నట్టు చెప్పేసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చి, నంబరు కనుక్కుని అభినయ్ తల్లి శేషారత్నానికి ఫోన్ చేశాడు. 

"అమ్మా, నేను దుర్గేష్‌ని. ఆ రోజు కారు నడిపింది మీవాడు కాదు."



"తెలుసు నాయనా. నిన్న వాడే ఫోన్ చేశాడు, నువ్వు చెప్తావని. పోయినోడు ఎట్టా చేశాడో నన్నడగొద్దు. ఒకటే వాన చప్పుడు."