ఆరని తలుపు

"ఆ తలుపు జోలికి పోవద్దండీ. గోడలకు వేయించుకుంటే చాలు. దాన్ని కదిలిస్తే మళ్ళీ ఏదో ఒకటి జరుగుతుంది" అన్నాను మా ఆయనతో, పెయింటరు ఇంకా మా మెట్లు ఎక్కకముందే.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూడకుండానే, "నీకు పాలు పొంగితే భయం, పొంగకపోతే భయం. రంగు డబ్బాను చూసి కూడా భయపడేదాన్ని నిన్నే చూశాను" అన్నారు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతానని మా ఇంట్లో వేళాకోళం. ఆగిపోక ఏం చెయ్యను? ఏమీ కాదులే అని అందరూ అన్న రోజునే కదా అంతా అయింది.

వానలు మొదలవకముందు మా అమ్మాయి ఆ గదిలోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, మాత్రలు మింగింది. మా ఆయన, కింది వాటావాళ్ళు కలిసి గునపంతో తలుపు పగలగొట్టారు. గడియ మాత్రం విరగలేదు. పాతకాలపు ఇత్తడి గడియ, బొటనవేలంత లావు. అది దూరే చోట ద్వారబంధం చీలిపోయింది. ఆసుపత్రి నుంచి పిల్ల ప్రాణంతో వచ్చింది, మాట మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. తిను అంటే తింటుంది. పడుకో అంటే పడుకుంటుంది. ఎందుకు చేశావే అని మేమూ అడగలేదు, అడగవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

చీలిన చోట వడ్రంగి కొత్త చెక్క అతికాడు. నల్లబడిన ద్వారబంధంలో ఆ తెల్లటి ముక్క, మానని పుండు మీద కట్టులా, గదిలోకి వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ కనిపిస్తూ ఉండేది. పిల్ల కంట అది పడకూడదు, గదంతా కొత్త రంగు వేయిద్దామని మా ఆయన పట్టు. నేను చివరికి ఒప్పుకున్నాను, గడియ పీకించేస్తాననే మాట మీద.

పెయింటరు మా పక్క సందులోనే ఉంటాడు. చెయ్యి కంటే నోరు చురుకు. ఒక ఇంట్లో బ్రష్షు తడిపి, ఇంకో ఇంట్లో నిచ్చెన దించే రకం. అసలు సంగతి అతనికి చెప్పలేదు. ఆ గడియ చప్పుడుకి చిరాకు పుడుతోంది, ఊడదీసి పక్కన పెట్టు, మళ్ళీ బిగించవద్దు అని మాత్రం చెప్పాను. "గడియ లేని తలుపేంటక్కా, పళ్ళు లేని నోరులాగ" అని నవ్వాడు. సరేనన్నాడు.

తలుపుకి రంగు వేసే రోజున పిల్లను చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పొద్దు కుంకాక తిరిగి వచ్చేసరికి అతను పని ముగించుకుని వెళ్ళిపోయాడు, నిచ్చెన మా నడవలోనే వదిలేసి. ఆ పని చూస్తే నాకు ఏడుపొచ్చింది. గోడ మీద ఒక చోట పలచన, ఒక చోట చిక్కన. నేల మీద చుక్కలు. తలుపు మీది నీలం రంగు కన్నీళ్ళలా ధార కట్టి అలాగే నిలిచిపోయింది, అందులో బ్రష్షు వెంట్రుకలు. వెనకటి రంగు గీకలేదు సరికదా, దుమ్ము కూడా తుడవలేదు. తలుపును పూర్తిగా వెనక్కి నెట్టి గోడకు ఆనించి పెట్టాడు, అందువల్ల లోపలి వైపు ఎలా ఉందో కనబడలేదు. అంచు మీద వేలు పెడితే అతుక్కుంది. ఫోను చేస్తే, ఆరిపోయిందక్కా, నిశ్చింతగా మూసుకోండి, పొద్దున వచ్చి చుక్కలు తుడిచి నిచ్చెన తీసుకుపోతానన్నాడు.

నేనెక్కడ నమ్ముతాను. తలుపుకి అడ్డంగా నీళ్ళ బిందె పెట్టి, దాని ఇవతలే చాప వేసుకుని పడుకున్నాను.

తెల్లవారి మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. పిల్ల గదిలో కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. కింద కుళాయి వచ్చిందని బిందె తీసుకుని దిగాను. నిండిన బిందెతో పైకి వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

గాలికి పడిందేమో అనుకున్నాను. నెట్టాను. కదల్లేదు. భుజం పెట్టి నెట్టాను. గోడను నెట్టినట్టే ఉంది. బిందె ఎప్పుడు దించానో, ఎక్కడ దించానో తెలియదు.

"అమ్మడూ, గడియ తియ్యమ్మా."

లోపల చప్పుడు లేదు.

తలుపు బాదాను. నీలం రంగు అరచేతులకు అంటుకుంది. తియ్యి తల్లీ, గడియ తియ్యి, నీ కాళ్ళకు దణ్ణం పెడతాను, గడియ తియ్యి అని ఎన్నిసార్లు అన్నానో. మా ఆయనకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గర పెట్టేస్తారు. మాది మేడ మీద వాటా, ఆ గది కిటికీలోకి చూడాలంటే గాలిలో నిలబడాలి. ఇక వీధివాళ్ళను పిలవాలి. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, పోయినసారి మా బాధ కంటే మా మెట్ల మీద నిలబడ్డ జనమే పిల్లను ఎక్కువ చంపారు. అయినా సరే, ప్రాణం కంటే పరువా అనుకుని వరండా వైపు పరుగెత్తబోయాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పెయింటరు, నిచ్చెన కోసం.

అతని చూపు ముందు తలుపు మీద పడింది. ముఖం మాడ్చుకుని, "ఎవరక్కా ఇలా చేతులు పెట్టేశారు? అచ్చులు పడిపోయాయి చూడండి" అన్నాడు.

"నీ రంగు అంటుకుపోయిందా? అదొక్కటి చెప్పు. నీ రంగు అంటుకునే తలుపు రావడం లేదు కదూ?"

నేను తప్పు పడుతున్నానని అతనికి రోషం వచ్చింది. ఇది మామూలు రంగు కాదన్నాడు. వేసిన కాసేపటికే రాయిలా బిగుసుకుపోతుందన్నాడు. ఈ నాలుగు వీధుల్లో ఎవరినైనా అడగమన్నాడు, తన చేతి తలుపు అంటుకుందన్న మాట ఇంతవరకు విన్నవాళ్ళు లేరట. తన పనిని అతను ఎంత పొగుడుకుంటే నేను అంత లోతుకి జారిపోతున్నాను. రాత్రంతా నేను తిట్టుకున్న పని అది. ఇప్పుడు అది పాడు పనే అని అతని నోటితో వినాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. రంగు అంటుకుంటే గాలి మూసిన తలుపు. అంటుకోకపోతే నా బిడ్డ మూసిన తలుపు.

"గడియ సంగతి చెప్పు. ఊడదీశావా?"

అతను నిచ్చెన ఎత్తుకుని భుజాన సర్దుకున్నాడు. "ఊడదీసి, రంగు కొట్టి, మళ్ళీ బిగించేశాను. గడియ లేని తలుపు మంచిది కాదని నేనే బిగించాను. మీ గడియ నాకెందుకక్కా?"

నీకెందుకని నేను అడగలేదు. అడగనిదానికి కూడా జవాబు చెప్పాడని ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు. బిగించేశాను అన్న ఒక్క మాటే చెవిలో పడింది. ఆ తలుపు ముందే కూలబడ్డాను.

"బిగించవద్దన్నానుగా నాయనా" అన్నాను. అరిచే ఓపిక కూడా లేదు. "ఎందుకు వద్దన్నానో తెలుసా? పోయినసారి నా కూతురు ఆ గడియే పెట్టుకుని మాత్రలు మింగింది. ఆ అతుకు చెక్క మీద నువ్వు రంగు వేశావే, అది గునపంతో మేం పగలగొట్టిన చోటు. ఇప్పుడు పిల్ల లోపలుంది. పలకడం లేదు."

అతను అతుకు వైపు చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. నిచ్చెన మెల్లగా భుజం మీంచి దించి, గోడకు ఆనించాడు.

"గడియ లేదక్కా" అన్నాడు.

నేను తలెత్తాను.

"తలుపుకి గడియ లేదు. బిగించలేదు. ఇత్తడిదని పట్టుకుపోయాను. మీరు ఎలాగూ వద్దన్నారు కదా అని రాత్రే మా వీధి తలుపుకి వేసుకున్నాను. ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు." సంచిలో చెయ్యి పెట్టాడు. "రంగే అంటుకుంది. మొదటి పూత ఆరకుండానే రెండోది కొట్టేశాను. అవతల ఇంకో ఇంటివాళ్ళు తొందరపెట్టారు."

అప్పటికే సంచిలోంచి పుట్టీ బ్లేడు తీశాడు. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య దాన్ని దూర్చి పై నుంచి కిందికి లాగడం మొదలుపెట్టాడు. నీలం రంగు మెత్తటి తొక్కలా లేచి నా ఒళ్ళో పడుతోంది. పచ్చి రంగు వాసన. అతను దొంగ. నా నోట ఒక్క తిట్టూ రాలేదు. గడియ లేదు. ఆ రెండు మాటలే లోపల తిరుగుతున్నాయి. కానీ గడియ లేనంత మాత్రాన బతికుందని ఎవరు చెప్పారు? మాత్రల డబ్బా బీరువాలో ఉంది, దాని తాళాలు నా కొంగుకే ఉన్నాయి, నిజమే. కొక్కేలున్నాయి, చీరలున్నాయి, కిటికీ ఉంది. మేడ మీది కిటికీ.

తలుపు కింది సందు దగ్గర, నేల మీద చెంప ఆనించాను.

"అమ్మడూ" అన్నాను. "తలుపుకి గడియే లేదట. నువ్వు పెట్టుకోలేదు. నాకు తెలియక గడియ తియ్యి, గడియ తియ్యి అని నిన్నే అన్నాను. ఈయన రంగు అంటుకుంది, అంతే. నువ్వేం చెయ్యలేదు తల్లీ."

చప్పుడు లేదు. పెయింటరు బ్లేడు ఆపి, చెమట కూడా తుడుచుకోకుండా నిలబడ్డాడు. కింద ఎవరి కుళాయో బిందెలో పడుతోంది. అది నిండి, పొర్లి, ఎవరో కట్టేశారు. నేల చల్లదనం నా చెంపలోంచి పళ్ళలోకి పాకుతోంది. ఇంకోసారి పిలవడానికి భయం వేసింది. పిలిచి, ఆ పిలుపుకి కూడా పలకకపోతే ఇక నాకు మిగిలేదేమీ లేదు.

అప్పుడు తలుపుకి అవతల, నా ముఖానికి సరిగ్గా ఎదురుగా, నేల మీద నుంచే ఒక గొంతు వచ్చింది. చాలాకాలం వాడక జీరబోయిన గొంతు.

"ఇందాకటి నుంచి లాగుతూనే ఉన్నానమ్మా. రావడం లేదు."